కంచే చేను మేస్తుందని అప్‌డేట్లు ఆపేస్తే

ప్రశ్న: ఇంటి నుంచే నాలుగైదు చిన్న సంస్థలకు లెక్కలు చూస్తుంటాను. ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్. రెండేళ్ల కిందట ఒక అప్‌డేట్ వేశాక అది రోజంతా ఆన్ కాలేదు. ఆ తర్వాత సోలార్‌విండ్స్ అనే కంపెనీ సంగతి చదివాను. కంపెనీ స్వయంగా పంపిన అప్‌డేట్‌లోనే హ్యాకర్లు దూరారట! లోపలికి ఏం పంపుతున్నారో మనకు కనబడదు, వచ్చిందేమో సిస్టమ్ మొత్తం మీద అధికారంతో వస్తుంది. ఇంతకన్నా రిస్క్ ఏముంటుంది? అందుకే 14 నెలలుగా ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు ఆపేశాను, ఫోన్‌లో వాయిదా వేస్తున్నాను. ఒకసారి మాత్రం ఏదో సైట్ చదువుతుంటే 'మీ బ్రౌజర్ పాతబడింది, వెంటనే అప్‌డేట్ చేసుకోండి' అని వచ్చింది. బ్రౌజర్ ఒక్కటే కదా అని వేసుకున్నాను. దాంతో ఇబ్బందేమీ రాలేదు. మా తమ్ముడు నాది చాదస్తం అంటాడు. వాడు వచ్చింది వచ్చినట్టు అదే రాత్రి వేసేస్తాడు. మా ఇద్దరిలో ఎవరిది ఒప్పు?

సమాధానం: మీ ఇద్దరి తగవు తర్వాత తీరుద్దాం. ముందు ఆ బ్రౌజర్ అప్‌డేట్ సంగతి మాట్లాడాలి. మీరు దాన్ని మాటవరసకు చెప్పినట్టు రాశారు గానీ, ఉత్తరం మొత్తంలో నాకు టెన్షన్ పెట్టింది అదొక్కటే.

బ్రౌజర్ అప్‌డేట్ మీరు చదువుతున్న పేజీలోంచి రాదు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్ కొత్త వెర్షన్‌ను తనంతట తానే వెనకాల దించుకుంటుంది. మహా అయితే పై మూలన ఉండే మెనూలో 'మూసి మళ్లీ తెరవండి' అని చిన్న గుర్తు చూపిస్తుంది. చదువుతున్న పేజీయే అడ్డంగా వచ్చి ఒక ఫైలు దించుకోమన్నదంటే అది నకిలీ అనే అనుకోవాలి. ఇది అరుదైన మోసం కూడా కాదు. దొంగలు మామూలు, మంచి పేరున్న సైట్లలోకే చొరబడి, అక్కడికి వచ్చేవాళ్లకు ఈ పేజీ చూపిస్తారు. సాక్‌గోలిష్ అని నిపుణులు పిలిచే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాం) ఏళ్ల తరబడి ఇదే దారిలో తిరుగుతోంది. కాబట్టి 'నేను పిచ్చి సైట్లకు వెళ్లను' అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

'ఇబ్బందేమీ రాలేదు' అన్నారు. ఇలాంటివి వేసుకున్నాక మొదట ఏమీ కాకపోవడమే మామూలు. లోపలికి వచ్చింది పాస్‌వర్డ్‌లు దొంగిలించే రకమైతే, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారని ఖాతాలకు చెప్పే గుర్తులు మూటగట్టి పంపేసి చడీచప్పుడు లేకుండా కూర్చుంటుంది. స్క్రీన్ మీద పుర్రె బొమ్మ వచ్చి భయపెట్టదు. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది మీ లెక్కలే కాదు, నాలుగైదు సంస్థలవి కూడా. అందుకే ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు.

ఆ ల్యాప్‌టాప్‌ను ఇంటర్నెట్ నుంచి తీసేయండి. వేరే కంప్యూటర్ నుంచి మొదట ఈమెయిల్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత పని ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చండి. ఈమెయిల్ మొదట ఎందుకంటే, మిగతా ఖాతాల పాస్‌వర్డ్ మార్చే లింకులు వచ్చేది అందులోకే. పాస్‌వర్డ్ మార్చి ఊరుకోకుండా, ఖాతా సెట్టింగ్స్‌లో 'అన్ని పరికరాల నుంచి లాగౌట్' అని ఉంటే అది నొక్కండి. దొంగిలించిన లాగిన్ గుర్తు చేతిలో ఉన్నవాడికి పాస్‌వర్డ్‌తో పని ఉండకపోవచ్చు. రెండంచెల లాగిన్ పెట్టుకోండి. (దీనికి మీ తమ్ముడి కంప్యూటరే మేలు. ఎందుకో అతనికి వివరించాల్సిన పని లేదు.) ల్యాప్‌టాప్ విషయంలో స్కాన్ చేసి 'ఏమీ లేదు' అని వచ్చినా నేనైతే నమ్మను. పత్రాలు మాత్రం బయటి డిస్కులోకి తీసుకుని, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటి నుంచి మళ్లీ వేయిస్తాను. బాధాకరమే, ఒక రోజు పోతుంది. ఖాతాల్లో మీరు చేయని లాగిన్‌లు కనిపిస్తే మాత్రం, మీరు లెక్కలు చూసే సంస్థలకు ఆ సంగతి దాచకుండా చెప్పాలి.

ఇక మీ అసలు ప్రశ్న. మీ భయం చాదస్తం కాదు, ఆ మాట మీ తమ్ముడికి చూపించండి. కంచే చేను మేసిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. అవి ఎలా జరిగాయో చూస్తేనే మీ జాగ్రత్త ఎక్కడ దారి తప్పిందో తెలుస్తుంది.

అప్‌డేట్ తయారయ్యాక కంపెనీ దానిమీద డిజిటల్ సంతకం చేస్తుంది. ఆ సంతకం చేసే రహస్య తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది, సరిచూసే తాళంచెవి మీ యంత్రంలో ముందే ఉంటుంది. దారిలో ఎవరైనా ఫైలులో ఒక్క అక్షరం మార్చినా సంతకం కలవదు, యంత్రం దాన్ని వేసుకోదు. అందువల్ల మీ వైఫై మీద నక్కి కూర్చున్నవాడు అప్‌డేట్‌ను మార్చేస్తాడన్న భయం ఇప్పుడు పెద్దగా అక్కర్లేదు. అలా జరగనే లేదని కాదు. 2012లో బయటపడిన ఫ్లేమ్ అనే గూఢచారి మాల్‌వేర్, సంతకాలకు వాడే ఎండీ5 అనే పాత పద్ధతిలోని లోపాన్ని పట్టుకుని మైక్రోసాఫ్ట్ సంతకాన్నే ఫోర్జరీ చేసింది. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లకు తానే విండోస్ అప్‌డేట్‌నని నమ్మించింది. అది మధ్యప్రాచ్యంలో ఎంచుకున్న లక్ష్యాల మీద జరిగిన దాడి. బయటపడగానే మైక్రోసాఫ్ట్ ఆ సర్టిఫికెట్లను రద్దు చేసింది.

కానీ సంతకం చెప్పేది ఒక్కటే: ఇది ఫలానా కంపెనీ నుంచే వచ్చింది, దారిలో మారలేదు అని. లోపలున్నది మంచిదా కాదా అన్నది దానికి తెలియదు. సోలార్‌విండ్స్‌లో జరిగింది అదే. హ్యాకర్లు అప్‌డేట్‌ను దారిలో పట్టుకోలేదు. అది తయారయ్యే చోటికే వెళ్లి కూర్చున్నారు. కోడ్ కలిసే సమయంలో తమ ముక్క కలిపారు, కంపెనీ తెలియక సంతకం చేసి పంపింది. 2020లో సుమారు 18,000 సంస్థలు దాన్ని దించుకున్నాయి. ఆ హ్యాకర్లు తర్వాత నిజంగా లోపలికి వెళ్లి తవ్వింది అమెరికాలో తొమ్మిది ప్రభుత్వ శాఖల్లోనూ, సుమారు వంద ప్రైవేటు కంపెనీల్లోనూ అని ఆ దేశ ప్రభుత్వం తేల్చింది. అంత కష్టపడి సంపాదించిన దొడ్డిదారిని వాళ్లు అందరి మీదా వాడి పాడు చేసుకోలేదు. 2019లో బయటపడిన ఆసుస్ సంగతీ అలాంటిదే. ఆ కంపెనీ ల్యాప్‌టాప్‌లలో ఉండే అప్‌డేట్ ప్రోగ్రాం ద్వారా, అసలైన సంతకంతోనే, మాల్‌వేర్ వచ్చింది. తీరా విప్పి చూస్తే అది వెతుకుతున్నది దాదాపు 600 యంత్రాల నెట్‌వర్క్ కార్డు నంబర్ల కోసం.

ఇక్కడ ఒక విషయం గమనించండి. సోలార్‌విండ్స్ వాళ్లది నెట్‌వర్క్‌లను కనిపెట్టుకునే ప్రోగ్రాం. ఆసుస్‌ది కంప్యూటర్ తయారీదారు పెట్టిన అదనపు ప్రోగ్రాం. 2017లో మాల్‌వేర్‌తో బయటికి వచ్చిన సీక్లీనర్ డిస్కు శుభ్రం చేసే ప్రోగ్రాం. పేరుమోసిన ఈ దాడుల్లో ఎక్కువ భాగం ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లలో జరగలేదు. దాని పక్కన మనం వేసుకునే, తమ అప్‌డేట్లు తామే తెచ్చుకునే ప్రోగ్రాముల్లో జరిగాయి. మీరేమో పెద్ద గుమ్మానికి తాళం వేశారు. లోపల ఎన్ని చిన్న ప్రోగ్రాములు తమతమ కిటికీలు తెరిచి ఉంచాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ల్యాప్‌టాప్ మళ్లీ సిద్ధం చేసేటప్పుడు పనికి కావాల్సినవి మాత్రమే వేసుకోండి. నా లెక్క ప్రకారం అప్‌డేట్ల మీద అనుమానం ఉన్నవాళ్లు చేయగలిగిన అన్నిటికన్నా మంచి పని అది. డిస్కు శుభ్రం చేసేవి, 'డ్రైవర్లు అప్‌డేట్ చేసేవి', స్పీడు పెంచేవి అసలు వద్దు.

మీ వృత్తికి దగ్గరి ఉదాహరణ ఒకటుంది, మీ భయాన్నీ మీ తమ్ముడి వాదననూ ఒకేచోట చూపిస్తుంది. ఉక్రెయిన్‌లో పన్ను లెక్కల కోసం చాలా సంస్థలు ఎం.ఇ.డాక్ అనే ప్రోగ్రాం వాడేవి. హ్యాకర్లు దాని అప్‌డేట్ సర్వర్‌ను పట్టుకుని, 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే మాల్‌వేర్‌ను వదిలారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్‌లా డబ్బు కట్టమని అడిగింది గానీ, కట్టినా ఫైళ్లు వచ్చేలా దాన్ని తయారుచేయలేదు. పని నాశనం చేయడమే. ఆ దేశం దాటి మేర్స్క్ ఓడల కంపెనీ దాకా పాకింది. నష్టం వెయ్యి కోట్ల డాలర్లకు పైగా అని అమెరికా ప్రభుత్వం అంచనా వేసింది. చూశారా, మీరు భయపడ్డట్టే అప్‌డేట్ ద్వారానే వచ్చింది. కానీ ఒక యంత్రంలోకి వచ్చాక పక్క యంత్రాలకు ఎలా పాకింది? ఆ యంత్రంలో దొరికిన పాస్‌వర్డ్‌లతో కొంత. విండోస్‌లోని ఒక కన్నం గుండా కొంత. ఆ కన్నాన్ని మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చి మూసేసింది. వేసుకోనివాళ్ల దగ్గర తెరిచే ఉంది.

అంతకుముందే, మే 12న, అదే కన్నంలోంచి వానాక్రై అనే రాన్సమ్‌వేర్ కూడా వచ్చింది. అప్పటికి ప్యాచ్ వచ్చి 59 రోజులు. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. ఎవరి అప్‌డేట్‌లోనూ ఎవరూ దూరలేదు. అప్‌డేట్ వేసుకోకపోవడమే చాలింది. మీరు ఆపేసి 14 నెలలు.

పైగా ప్యాచ్ బయటికి రావడమే ఒక చాటింపు. పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూస్తే, కన్నం ఎక్కడుందో హ్యాకర్లకు తెలిసిపోతుంది. మైక్రోసాఫ్ట్ నెలనెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు ఇస్తుంది. ఆ మర్నాటిని 'దాడుల బుధవారం' అని ఈ రంగంలో వాళ్లు ఎగతాళిగా అంటుంటారు. అప్పటిదాకా కొందరికే తెలిసిన లోపం ఆ రోజు నుంచి అందరిదీ అవుతుంది.

అప్‌డేట్లు ఆపేయడం వల్ల కంపెనీ మీద నమ్మకాన్ని వెనక్కి తీసుకున్నట్టు మీకనిపిస్తోంది. అది నిజం కాదు. ఇప్పుడు నడుస్తున్న సిస్టమ్‌ను రాసిందీ ఆ కంపెనీయే, అదీ పూర్తి అధికారంతోనే నడుస్తోంది. మీరు ఇప్పటికీ వాళ్లనే నమ్ముతున్నారు. కాకపోతే 14 నెలల కిందటి వాళ్లను, అప్పటి తప్పులతో సహా. ఆ తప్పుల జాబితా ఇప్పుడు బహిరంగంగా ఉంది.

కంపెనీ దగ్గరున్న సంతకం తాళంచెవి భయపెట్టే అధికారమే, కాదనను. 2016లో ఒక కేసులో దొరికిన ఐఫోన్‌ను తెరవడానికి, రక్షణలు తీసేసిన ప్రత్యేక సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇమ్మని ఎఫ్‌బీఐ కోర్టు ఉత్తర్వు తెచ్చింది. ఆపిల్ ఒప్పుకోలేదు. ఎఫ్‌బీఐ వేరే దారిలో ఫోన్ తెరిపించుకుని కేసు వెనక్కి తీసుకుంది. తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మీద ఒత్తిడి వస్తుందనడానికి అది రుజువు. ఒక పాత్రికేయురాలో, ఉద్యమకారుడో ఇదే ప్రశ్న అడిగితే నా జవాబు ఇంకా పొడుగ్గా ఉండేది. లెక్కలు చూసుకునే మీ విషయంలో మాత్రం, మీకోసం ఎవరో ప్రత్యేకంగా అప్‌డేట్ తయారుచేస్తారన్న దిగులు పక్కన పెట్టొచ్చు.

మరి రెండేళ్ల కిందట ల్యాప్‌టాప్ ఒక రోజు ఆన్ కాకపోవడం? అది హ్యాకింగ్ కాదు, చెడిపోయిన అప్‌డేట్. ఈ రెంటినీ మీరు ఒకే గాటన కట్టారు. ఇలాంటివి పెద్ద ఎత్తున కూడా జరిగాయి. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి ఫైళ్లను తుడిచేసింది. కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపేసి, నవంబరులో మళ్లీ ఇచ్చారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా ప్రోగ్రాం పంపిన ఒక తప్పు ఫైలుకు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. విమానాలు కూడా ఆగిపోయాయి. ఆ ఫైలు బయట ఉన్నది 78 నిమిషాలే. ఆ సమయంలో ఇంటర్నెట్‌లో లేని యంత్రాలకు దెబ్బ తగల్లేదు.

అందుకే మీ తమ్ముడి పద్ధతిని కూడా నేను పూర్తిగా మెచ్చుకోను. కొద్దిగా ఆగడంలో లాభం ఉంది. 2024 మార్చి చివర్లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో వాడే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే చిన్న ప్రోగ్రాంలో దొడ్డిదారి బయటపడింది. ఒక మారుపేరు మనిషి రెండేళ్లకు పైగా మంచివాడిలా పనిచేసి, నమ్మకం సంపాదించి, దాన్ని పెట్టాడు. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. ఆయన అసలు వెతికింది వైరస్ కోసం కాదు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని. అప్పటికి అది లినక్స్ రకాలైన డెబియన్, ఫెడోరాల ప్రయోగాత్మక వెర్షన్లలోకి చేరింది. స్థిరమైన వెర్షన్లు వాడేవాళ్ల దాకా రాలేదు. కొత్తది ఆ రోజే కావాలనుకున్నవాళ్లే అక్కడ ముందు వరసలో ఉన్నారు.

అయితే ఎన్నాళ్లు ఆగాలన్నది ఏం వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది. పేరు మారి, రూపం మారి వచ్చే పెద్ద వెర్షన్ అయితే ఒక నెల ఆగినా నష్టం లేదు, పాత వెర్షన్‌కు భద్రతా ప్యాచ్‌లు వస్తున్నంత కాలం. నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్ అయితే మూడు నాలుగు రోజులు, మరీ కాదంటే వారం. ఈలోపు అది ఎవరి యంత్రాన్నైనా పడగొడితే వార్త వచ్చేస్తుంది. వివరణలో 'ఈ లోపాన్ని ఇప్పటికే దాడులకు వాడుతున్నారు' అన్న మాట ఉంటే ఆగొద్దు, ఆ రోజే వేసుకోండి. ఆ ఒక్క వాక్యం కోసమైనా వివరణ చదవడం అలవాటు చేసుకోండి, మిగతాది నేనూ చదవను.

ఏదైనా సరే, అప్‌డేట్ కోసం మీరే సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. మెయిల్‌లో వచ్చిన లింకు, మెసేజ్‌లో వచ్చిన ఫైలు, ఫోన్ చేసి 'మీ సిస్టమ్ పాతబడింది' అని చెప్పే గొంతు, ఇవేవీ అప్‌డేట్ తెచ్చే దారులు కావు. అనుమానం వస్తే ఆ కిటికీ మూసేసి, సెట్టింగ్స్‌లో చూడండి. నిజంగా అప్‌డేట్ ఉంటే అక్కడే కనిపిస్తుంది.

బ్యాకప్ గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, మీ తమ్ముడి గురించి రాసిన దాంట్లోనూ లేదు. చెడిపోయిన అప్‌డేట్‌కైనా, విషం కలిసిన అప్‌డేట్‌కైనా, వేసుకోని అప్‌డేట్ వల్ల వచ్చిన రాన్సమ్‌వేర్‌కైనా మందు అదే. వారానికోసారి పత్రాలన్నీ బయటి డిస్కులోకి తీసుకుని, పని కాగానే డిస్కు పీకేయండి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికి కూడా తాళం వేసి పోతుంది. నేను ఒకసారి ఉదయం పని అప్పజెప్పాల్సి ఉండగా ముందు రాత్రి పెద్ద అప్‌డేట్ నొక్కి, తెల్లారేదాకా తిరుగుతున్న చుక్కల్ని చూస్తూ కూర్చున్నాను. బ్యాకప్ ఉంది కాబట్టి మరో కంప్యూటర్ మీద పని పూర్తి చేయగలిగాను. అప్పటి నుంచి పని ఒత్తిడి ఉన్న వారంలో పెద్ద అప్‌డేట్ జోలికి పోను.

మీ ఇద్దరిలో ఎవరిది ఒప్పు అన్నారు కదా. మీ తమ్ముడు మీకన్నా క్షేమంగా ఉన్నాడు, కానీ ఆలోచించి కాదు. మీరు ఆలోచించారు, కానీ అసలు అప్‌డేట్‌ను గుమ్మం బయట నిలబెట్టి, నకిలీ దాన్ని లోపలికి పిలిచారు. అతనికి బ్యాకప్ ఉందో లేదో అడిగి చూడండి, లేకపోతే మీకు కొంచెం ఊరట.

ఇక మీ 14 నెలల బాకీ. ల్యాప్‌టాప్ ఎలాగూ మొదటి నుంచి సిద్ధం చేయాలి కాబట్టి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసిన కంపెనీ సొంత సైటు నుంచే దించుకుని వేయించండి, ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్ లోంచి కాదు. మీది ఏ సిస్టమో రాయలేదు. అది విండోస్ 10 అయితే మామూలు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, కాబట్టి కొత్త వెర్షన్‌కు మారాల్సిందే. మీ యంత్రం దానికి సరిపోకపోతే, కనీసం మారేదాకా పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకోండి. విండోస్‌లో నెలవారీ అప్‌డేట్లు పాతవన్నీ కలుపుకుని వస్తాయి, అందుకని 14 విడివిడిగా వేయాల్సిన పని ఉండదు. రోజూ పని చేసుకోవడానికి అడ్మిన్ ఖాతా కాకుండా మామూలు ఖాతా ఒకటి పెట్టుకోండి. అది ఉంటే, ఆ నకిలీ బ్రౌజర్ అప్‌డేట్ లాంటిది మళ్లీ వచ్చినా సిస్టమ్ లోతుల్లోకి పోవడానికి ఒక పాస్‌వర్డ్ అడగాల్సి వస్తుంది, అక్కడైనా మీరు ఆగుతారు.

ఫోన్ సంగతి మర్చిపోకండి, బ్యాంకు ఓటీపీలు వచ్చేది దానికే. ముందు ఫొటోలూ కాంటాక్టులూ బ్యాకప్ చేసి, చార్జర్ తగిలించి, సెట్టింగ్స్‌లోంచి వేయండి. ఇన్నాళ్ల తర్వాత కాబట్టి ఒక అప్‌డేట్ అయ్యాక మరొకటి కనిపించవచ్చు. 'మీ ఫోన్‌లో తాజా వెర్షన్ ఉంది' అనేదాకా మళ్లీ మళ్లీ చూడండి. ఒకవేళ ఇప్పటికే అలా అంటూ, కింద చూపించే భద్రతా ప్యాచ్ తేదీ ఏడాది కిందటిదైతే, తయారీదారు ఆ ఫోన్‌ను వదిలేసి ఉంటాడు. అలాంటప్పుడు బ్యాంకు యాప్‌లు అందులోంచి తీసేయండి.